ఆ నాలుగును విడదీయరెందుకు?

పీజీ క్లాసులో గ్రూప్ థియరీ చెప్పే వాళ్లెవరికైనా ఏటా తప్పని ప్రశ్న ఒకటుంది. బోర్డు మీద ఎస్4 అనే గ్రూపును ముక్కలు చేసి 4, 3, 2 అని రాస్తాం. నాలుగు వస్తువుల్ని తారుమారు చేసే పద్ధతులే ఎస్4, మొత్తం 24. నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు, లెక్క సరిపోయింది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక గొంతు లేస్తుంది: "సార్, ఆ 4ని మళ్లీ రెండు రెళ్లుగా విడగొట్టొచ్చు కదా, అక్కడే ఎందుకు ఆపేశారు?"

ఈ ప్రశ్న రాని ఏడాది ఎవరూ వినడం లేదేమోనని నాకు అనుమానం.

ఈ ముక్కల్నే చీఫ్ ఫ్యాక్టర్లు అంటారు. పుస్తకంలో నిర్వచనం ఒకటిన్నర లైను. ఒకదానిలో ఒకటి ఉన్న రెండు నార్మల్ సబ్‌గ్రూపుల మధ్య మూడో నార్మల్ సబ్‌గ్రూపుకు చోటు లేకపోతే, పెద్దదాన్ని చిన్నదానితో భాగించగా వచ్చేది చీఫ్ ఫ్యాక్టర్. పిల్లలు దీన్ని బట్టీ పట్టి పరీక్షలో పొల్లు పోకుండా రాసేస్తారు. రాసిందేమిటో చెప్పరా అంటే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. అందుకని ఆ రోజు సుద్దముక్క పక్కన పెట్టి జేబులోంచి లూడో పాచిక తీస్తాను.

పాచికను ఎన్ని రకాలుగా తిప్పి మళ్లీ అదే చోట కూర్చోబెట్టొచ్చు? పైన ఏ ముఖం ఉండాలో ఆరు రకాలు, ఆ ముఖాన్ని పైన ఉంచి చుట్టూ నాలుగు రకాలు, మొత్తం 24. ఇవి ఎస్4కు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. ఎందుకంటే మూల నుంచి ఎదురు మూలకు పాచిక కడుపులోంచి పోయే గీతలు నాలుగు. పాచికను తిప్పినప్పుడల్లా తారుమారయ్యేవి ఆ నాలుగే. ఇక ఎదురెదురు ముఖాల్ని కలిపే ఇరుసులు మూడు: 1-6, 2-5, 3-4. ఒక్కో ఇరుసు మీద సగం చుట్టు తిప్పితే మూడు తిప్పుళ్లు, అసలు తిప్పకపోవడం ఒకటి, వెరసి నాలుగు. బోర్డు మీది 4 ఇదే.

ఇప్పుడు పాచికను 1 పైకి, 2 మీ వైపు పెట్టుకోండి. కుడివైపు 3 ఉందనుకోండి. 2-5 ఇరుసు మీద సగం చుట్టు తిప్పితే 6 పైకొస్తుంది, 2 మీ వైపే ఉంటుంది. సరే, మళ్లీ మొదటికి రండి. ఈసారి ముందుగా పాచికను నిలువు ఇరుసు మీద పావు చుట్టు తిప్పి 3ని మీ ముందుకు తెచ్చుకోండి. అక్కడ, మీ వైపున్న ఇరుసు మీదే, ఇందాకటి సగం చుట్టు తిప్పండి. తర్వాత మొదట తిప్పిన పావు చుట్టును వెనక్కి తిప్పేయండి. 6 పైకొచ్చింది, కానీ మీ ముందున్నది 2 కాదు, 5. కదలకుండా ఉన్నది 3. అంటే 2-5 ఇరుసు తిప్పుడు కాస్తా 3-4 ఇరుసు తిప్పుడై కూర్చుంది. నార్మల్ అంటే పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది. ముందొకలా తిప్పి, పని కానిచ్చి, వెనక్కి తిప్పినా చెదరనిది నార్మల్. సగం తిప్పుళ్లు మూడూ కలిసి ఉంటే చెదరవు. ఒక్కదాన్ని విడిగా పట్టుకుంటే నిలవదు. పెళ్లికి ఒక్కరినే పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు, ఒక తిప్పుడును లాగితే మిగతా రెండూ వెంటబడి వచ్చేస్తాయి. ఆ నాలుగును విడదీయకపోవడానికి కారణం ఇదీ.

తర్వాత అగ్గిపెట్టె తీస్తాను. (స్టాఫ్‌రూములో ఎవరి జేబులోనైనా దొరుకుతుంది, ఎవరిదో చెప్పను.) పొడవు, వెడల్పు, మందం మూడూ వేర్వేరు కాబట్టి దాన్ని మూడు ఇరుసుల మీద సగం చుట్టే తిప్పగలం, పావు చుట్టు కుదరదు. మళ్లీ అవే నాలుగు. కానీ ఇక్కడ ఒక ఇరుసును ఇంకో ఇరుసు మీదకు తెచ్చే తిప్పుడే లేదు. కాబట్టి ఏ సగం తిప్పుడైనా విడిగా నిలబడుతుంది, 4 హాయిగా 2, 2గా విడిపోతుంది. పాచికలో విడిపోని నాలుగే అగ్గిపెట్టెలో విడిపోయింది. ఎన్నేళ్లు చెప్పినా నాకు పాతబడనిది ఇదే. ఒక ముక్క విడిపోతుందా లేదా అన్నది దాని లోపల మాత్రమే లేదు, దాన్ని చుట్టూ ఎవరు తిప్పుతున్నారన్న దానిలో కూడా ఉంది.

ఈ 4, 3, 2 ఆటవిడుపు లెక్క కాదు. నాలుగో డిగ్రీ సమీకరణానికి ఫెరారీ కనిపెట్టిన సాధన 1545లో కార్డానో పుస్తకంలో అచ్చయింది. దాన్ని సాధించాలంటే ముందు ఒక మూడో డిగ్రీ సమీకరణం సాధించాలి. ఆ మూడు ఎక్కణ్నుంచి ఊడిపడింది? పాచికనే అడగండి. నాలుగు మూలల గీతలు నాలుగు మూలాలైతే, వాటిని రెండేసి జతలుగా చేసే మార్గాలు మూడు. అవే మూడు ఇరుసులు. 24ను ఆ 4తో భాగిస్తే మిగిలే 6, మూడు ఇరుసుల తారుమారే. అది మళ్లీ 3, 2గా విడిపోతుంది. ఐదో డిగ్రీకొస్తే ముక్కలు రెండే, 60, 2. 4 అగ్గిపెట్టెలోనైనా విడిపోయింది గానీ, ఆ 60ని విడిగా తీసి చూసినా విడదీసే దారి లేదు, అందుకే ఐదో డిగ్రీకి సాధారణ సూత్రమూ లేదు. సూత్రం లేదని 1824లో ఆబెల్ రుజువు చేశాడు. కారణం గ్రూపులో ఉందని చూపించి గాల్వా 1832లో, ఇరవై ఏళ్ల వయసులో పోయాడు.

గ్రూపును ఏ దారిన ముక్కలు చేసినా, క్రమం మారితే మారుతుందేమో గానీ, ముక్కలు మాత్రం అవే వస్తాయి. ముక్కల పరిమాణాలు మారవని జోర్డాన్ 1870 నాటికే చెప్పాడు. ముక్కలకు ముక్కలే మారవని 1889లో హోల్డర్ తేల్చాడు. ఇద్దరి పేర్లూ కలిపే ఈ సిద్ధాంతాన్ని పిలుస్తారు. నా మటుకు నాకు ఇది ఆల్జీబ్రాలో అతి నిజాయితీ గల సిద్ధాంతం. విడగొట్టేవాడి ఇష్టాయిష్టాలకు ఇందులో చోటు లేదు.

అలాగని ముక్కలు తెలిస్తే గ్రూపు తెలిసిపోయినట్టు కాదు. 8 మూలకాల గ్రూపులు ఐదు రకాలు, ఐదింటికీ ముక్కలు 2, 2, 2. 1024 మూలకాల గ్రూపులైతే 4,900 కోట్లకు పైనే ఉన్నాయి, అన్నిటి చీఫ్ ఫ్యాక్టర్లూ ఒకటే, పది రెళ్లు! అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ముక్క ఎంతదన్న దగ్గర ఆగరు, పెద్ద గ్రూపు దాన్ని ఎలా తిప్పుతోందో చూస్తారు. కదపకుండా వదిలేస్తోందా, పాచికలో లాగా కలగలిపి తిప్పుతోందా? 1963లో గాషుట్జ్ మొదలుపెట్టిన ఫార్మేషన్ల సిద్ధాంతం చాలావరకు ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. జర్మనీలోని ఆకెన్‌లో 1986లో మొదలైన గ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు 'చీఫ్ సిరీస్' అని కొడితే క్షణంలో జవాబు వస్తుంది. నేనేమో 24 దాకా చేత్తోనే చేయించి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరవనిస్తాను. చాదస్తమే కావచ్చు.

మా స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ స్టాటిస్టిక్స్ మేష్టారిది. ఆయనకూ ముఖ్యమైన ఫ్యాక్టర్లున్నాయి, నా వాటితో చుట్టరికం లేదు. బోలెడు పరీక్షల మార్కుల వెనక కనబడకుండా పనిచేసే కొద్ది కారణాల్ని బయటికి లాగడం ఫ్యాక్టర్ ఎనాలిసిస్. 1904లో స్పియర్‌మన్, తెలివి వెనక సాధారణ ప్రజ్ఞ అనే ఒక్క ఫ్యాక్టరు ఉందన్నాడు. 1938లో థర్‌స్టన్, కాదు ఏడున్నాయన్నాడు. ఆ తగవు దశాబ్దాలు సాగింది. ఎందుకు తెగలేదో ఒకరోజు మేష్టారు కాగితం మీద గీసి చూపించారు. దొరికిన ఫ్యాక్టర్లను ఇరుసులుగా గీసి, ఆ ఇరుసుల్ని ఎంత కోణంలో తిప్పినా లెక్క అంతే బాగా సరిపోతుంది. కానీ వాటి అర్థం, వాటికి పెట్టే పేరు మారిపోతాయి. నా దగ్గర ముక్కను ఒక్కటిగా పట్టి ఉంచేది తిప్పుడే. ఆయన దగ్గర ఫ్యాక్టరును కరిగించేసేది కూడా తిప్పుడే. అక్కడ జోర్డాన్ లేడు, హోల్డర్ లేడు. ఎన్నికలయ్యాక ఓటమికి ఐదు ప్రధాన కారణాలని పేపర్లో చదివినప్పుడల్లా, ఏ కోణంలో నిలబడి ఐదన్నారోనని నాకు అనిపించేది ఇందుకే.

ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో మన సి.ఆర్. రావు గారి పని ఒకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన రావు గారే. సాధారణంగా ఫ్యాక్టర్లను ప్రిన్సిపల్ కాంపొనెంట్ల పద్ధతిలో తీసేటప్పుడు ఎత్తును సెంటీమీటర్లలో కొలిస్తే ఒక జవాబు, అంగుళాల్లో కొలిస్తే ఇంకో జవాబు వస్తుంది. రావు గారు 1955లో ప్రతిపాదించిన కనోనికల్ ఫ్యాక్టర్ పద్ధతిలో కొలమానం మార్చినా ఫ్యాక్టర్లు మారవు. ఏది మార్చినా ఏది నిలవాలి అన్నది అక్కడా అసలు ప్రశ్నే. కొలమానం గొడవ తీరింది గానీ ఇరుసుల్ని తిప్పే వెసులుబాటు అలాగే ఉంది. 1958లో కైజర్ వారిమాక్స్ అనే తిప్పుడు పద్ధతి ఇచ్చాడు. ఇప్పుడు ప్యాకేజీలన్నిట్లో అదుంది, చాలామంది విద్యార్థులు అడక్కుండానే దాన్ని నొక్కేస్తారు.

మేష్టారి దగ్గరకు ప్రాజెక్టు పట్టుకొచ్చిన ప్రతివాణ్నీ ఆయన ఒకటే అడుగుతారు: "ఏ రొటేషన్ వాడావు? వాడకముందు ఏమొచ్చింది?" రెండు పట్టికలూ ఒకే పేజీలో పక్కపక్కన ప్రింటు తీసి తెస్తేనే సంతకం.