ఇప్పపువ్వు రాలే వేళ

మార్చి నెలాఖరున కోడి కూయకముందే భద్రాచలం వైపున్న చర్ల, దుమ్ముగూడెం అడవిలో నిలబడి చూడండి. చినుకులు పడుతున్నట్టు టప్ టప్ మని చప్పుడు. రాత్రి విచ్చిన పూలను ఇప్పచెట్టు తెల్లారేలోగా తానే నేలకు దించుతుంది. కొమ్మ వంచే పని లేదు, కోసే పని లేదు. ఒంగి ఏరుకోవడమే. కానీ ఆ ఏరడంలోనే ఉంది అసలు విద్య.

నేను చూసిన ఒక కోయ అవ్వ చీకట్లో వేళ్లతో తడిమే నిన్నటి పువ్వేదో, ఈ పొద్దుటిదేదో చెప్పేసేది. తాజాది గట్టిగా, రసంతో ఉబ్బి ఉంటుంది. నిన్నటిది వడిలి పులుస్తుంది. ఒక్క పులిసిన పువ్వు కూడా ఆమె గంపలోకి పోయేది కాదు. ఎంత చదివితే వస్తుంది ఆ చేతినేర్పు!

ఏరిన పూలను శుభ్రమైన నేలమీద పలుచగా పరిచి, మూడు నాలుగు రోజులు తిరగేస్తూ ఎండబెడతారు. లేత పసుపు పువ్వు ఇటుకరంగుకు తిరుగుతుంది. పిడికిట్లో బిగించి వదిలితే పూలు అతుక్కోకుండా విడిపోవాలి, అదీ పరీక్ష. కర్రతో మెల్లగా కొట్టి కేసరాలు రాల్చేస్తారు. తర్వాత పెనంమీద వేయించి నువ్వులతో దంచితే ఉండలు. చింతగింజలతో కలిపి ఉడికిస్తే కరువు రోజుల్లో కడుపు నిండే తిండి. సపోటా కుటుంబానికి చెందిన చెట్టు ఇది. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. వేసవి ముదిరాక కాయ, గింజ, ఆ గింజనుంచి నూనె. ఒక్క చెట్టు ఒక ఇంటికి సంచీ నిండా బియ్యంతో సమానం.

అలాంటి పువ్వును సారా పేరుతో తప్ప గుర్తుపట్టని మన అజ్ఞానాన్ని ఏమనాలి? బెల్లం ఊటలో నవసారం, యూరియా కలిపి కాచిన గుడుంబాకు ఇప్పసారా అని పేరు పెట్టి అమ్మేవాళ్లు ఆ పువ్వు పరువు తీస్తున్నారు. పట్నంలో ఒక దుకాణంలో నేను కొన్న ఇప్పలడ్డూలో చక్కెర తప్ప పువ్వు జాడే లేదు. నోట్లో పెట్టుకోగానే కోపం వచ్చింది.

చెట్టు కింద చెత్త తగలబెట్టడం మరో పాపం. పువ్వు స్పష్టంగా కనబడుతుందని పెట్టే ఆ నిప్పుకు ఇప్పమొలకలన్నీ మాడిపోతాయి. పూతకు రావడానికే పదేళ్లు పట్టే చెట్టు ఇది. ముసలి చెట్లే మిగిలి, పక్కన జామాయిల్ తోటలు పెరుగుతున్నాయి. చీపురుతో ఊడ్చినా, కింద పాత చీర పరిచినా చాలు, నిప్పుతో పనేముంది? 2006 అటవీ హక్కుల చట్టం పువ్వు ఏరుకునే హక్కును ఆదివాసులకు ఇచ్చింది. చెట్టే లేకపోతే ఆ హక్కు ఏం చేసుకోవాలి?

భద్రాచలం వచ్చేవాళ్లు రాముణ్ణి చూసుకుని వెంటనే బస్సెక్కకండి. సంతలో కోయ అమ్మల దగ్గర ఇప్పపువ్వు కొనండి, బేరమాడకండి. గుప్పెడు తీసి పిడికిట్లో బిగించి వదలండి. పూలు విడివిడిగా రాలితే, ఆ ఎండను, ఆ ఓపికను మీరు చేత్తో ముట్టుకున్నట్టే.