పాదం కదలని చోట

పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన్ని చూడమని ఎవరైనా ఇంటికి పిలిస్తే, ముందు బాత్రూమ్ దాకా నడిచి చూపించమంటాను. ఇంట్లోవాళ్లేమో చేతులు చూపిస్తారు. "చూడండి మేడమ్, కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నారు" అంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ వణుకు వల్ల పడేవాళ్లు తక్కువ. ఒళ్లు తూలినప్పుడు దానంతటదే సర్దుకునే శక్తి తగ్గడం, నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోవడం, ఈ రెండే ఎక్కువగా పడేస్తాయి. ముందుకు వంగిపోయి నడక కాస్తా పరుగైపోతుందని జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే రాశాడు. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ మొదటిసారి పడ్డాకే తెలుస్తోంది.

నేను చూస్తున్న ఒక రిటైర్డ్ మాస్టారు హాల్లో బాగానే నడిచారు. బాత్రూమ్ గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోయారు. మడమలు లేచాయి, మునివేళ్ల మీద కాళ్లు అక్కడే వణుకుతున్నాయి, ఛాతీ మాత్రం ముందుకు పోతోంది. ఆయన భార్య చెయ్యి పట్టుకుని, "రండి, ఒక్క అడుగేగా" అంటూ లాగుతున్నారు. పాదం లేవకుండా ఒంటిని లాగితే మనిషి బోర్లా పడతాడు. "అమ్మా, లాగకండి. పక్కన నిలబడండి చాలు" అన్నాను. గుమ్మం ముందు నేల మీద ఎర్ర టేపు అడ్డంగా అంటించాను. "మాస్టారూ, ఆగండి. నిటారుగా నిలబడండి. బరువంతా ఎడమ కాలి మీద వేయండి. ఇప్పుడు కుడికాలితో ఆ గీత దాటండి."

దాటారు.

ఆలోచించకుండా నడిపించే మెదడు మార్గం మొరాయించినా, కంటితో గుర్తు చూసి కావాలని వేసే అడుగుకు మరో మార్గం ఉంది. చదును నేల మీద ఆగిపోయే మనిషి మెట్లు గబగబా ఎక్కేయడం కూడా అందుకే. అది చూసి "కావాలనే చేస్తున్నాడు" అనేవాళ్లున్నారు. అంతకంటే అన్యాయమైన మాట లేదు. గీత అందరికీ పనిచేయదు. కొందరికి "ఒకటి, రెండు" అని లెక్కపెడితే కాలు లేస్తుంది.

తిరిగేటప్పుడు మరీ ప్రమాదం. కాళ్లు అక్కడే ఉండిపోయి నడుము తిరిగిపోతుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు పెద్ద చుట్టుగా, అడుగులు వేస్తూ తిరగమని నేర్పిస్తాను. నడిచేవాళ్లను మాటల్లో పెట్టవద్దని కూడా చెబుతాను. మాట్లాడించగానే నడక ఆపేసే వృద్ధులు తర్వాతి నెలల్లో పడే అవకాశం ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లోనే లాన్సెట్‌లో రాశారు. వంటింట్లోంచి "ఏమండీ, ఫోన్" అని కేకేసే ముందు ఆయన కూర్చున్నారో లేదో చూడండి.

ఇంటి విషయంలో నాకు ఎక్కువ భయం టవల్ రాడ్ అంటే. తూలిన మనిషి దాన్నే పట్టుకుంటాడు, అది ఊడి వస్తుంది. గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు హ్యాండిల్ పెట్టించండి. జారే కాలిపట్టాలు తీసేయండి. పంచె పాదాల దాకా జీరాడకుండా చూడండి. కాళ్లీడ్చి నడిచేవాళ్లకు వదులు హవాయి చెప్పులు వద్దు, నేలకు మరీ పట్టేసే రబ్బరు అడుగూ వద్దు. మంచం మీంచి లేవగానే బీపీ పడిపోయేవాళ్లు చాలామంది. కాసేపు అంచున కూర్చుని లేవాలి.

మాత్ర వేళ తప్పితే పైవన్నీ చేసినా ఫలితం తగ్గిపోతుంది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లివోడోపా మాత్ర పనిచేస్తున్న సమయంలోనే స్నానం పెట్టుకోవాలి. అదే మందు వల్ల కొందరికి ఒళ్లు మెలికలు తిరిగే కదలికలు వస్తాయి, అప్పుడూ తూలతారు. అలాగని మోతాదు మీరే తగ్గించకండి. హంటింగ్టన్స్ అనే మరో మెదడు జబ్బు ఉన్నవాళ్ల కథ వేరు: కాళ్లూ చేతులూ వాటంతటవే విసురుగా కదులుతాయి. వాళ్లకు తేలికపాటి కుర్చీలు పనికిరావు. బరువైన, చేతులున్న కుర్చీ కావాలి, నడిచే దారిలో మూలలు తేలిన బల్లలు ఉండకూడదు.

ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. దెబ్బ తగల్లేదు కదా అని దాచకండి. ఎక్కడ పడ్డారు, ఏ వేళ, మాత్ర వేసుకుని ఎంతసేపైంది, తిరుగుతూ పడ్డారా, లేస్తూ పడ్డారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఈసారి వెళ్లినప్పుడు న్యూరాలజిస్టు చేతిలో పెట్టండి.