చుక్కకు చుక్క

ఏలూరు నుంచి కైకలూరు మీదుగా కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికైనా, తాడేపల్లిగూడెం నుంచి పెళ్లిచూపులకైనా ఒకప్పుడు టాక్సీ అంటే అంబాసిడరే. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో దాని తయారీ ఆగిపోయింది. ఇంకా తిరుగుతున్న బండ్లను నిలబెడుతున్నది పాత షెడ్లలోని మెకానిక్కులే. వాళ్ల పనితనం చూడాలంటే టైమింగ్ చైన్ మార్చేటప్పుడు చూడాలి.

పెట్రోల్ అంబాసిడర్‌కు చాలా ఏళ్లపాటు వచ్చింది 1489 సీసీ బీఎంసీ ఇంజనే. పిస్టన్లు తిప్పే క్రాంకునూ, వాల్వులు తెరిచే క్యామునూ కలిపేది ఈ చైను. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. చైను సాగితే వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. ఇంజను ముందు భాగంలో గలగల మొదలై, లాగుడు తగ్గుతుంది. నిండా జనంతో చేపల చెరువుల గట్ల మీద పోయే బండిలో ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

రేడియేటరు, పుల్లీ, ముందు కవరు తీశాక రెండు పళ్లచక్రాల మీదా చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి ఎదురెదురుగా వచ్చేదాకా ఇంజను తిప్పి, ఆ తర్వాతే చక్రాలనూ చైనునూ కలిపి బయటికి లాగుతారు. కొత్త చైను బల్ల మీదే వేస్తారు. చుక్కలు ఒకదాన్నొకటి చూస్తూ ఉండగానే రెండు చక్రాలనూ ఒకేసారి షాఫ్టుల మీదికి నెడతారు. స్కేలు ఆనించి రెండూ ఒకే వరసలో ఉన్నాయా అని చూస్తారు. లేకపోతే క్రాంకు చక్రం వెనక వాషర్లు సరిచేయాలి. ఇది వదిలేస్తే కొత్త చైను కూడా తొందరగా అరిగిపోతుంది.

అసలు పనితనం ఆ తర్వాతే. మంచి మెకానిక్ వెంటనే కవరు బిగించడు. ఇంజనును చేత్తో, నడిచే దిక్కుకే, రెండు చుట్లు నిదానంగా తిప్పుతాడు. చుక్కలు మళ్లీ కలవాలి. అక్కడ ఆపి వాల్వులను నొక్కే రాకర్లు చూస్తాడు. ఒకటో సిలిండరులోనో నాలుగోదానిలోనో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్‌లెట్ అప్పుడే తెరుచుకుంటూ ఉండాలి. ఒకటోది అలా ఉంటే ఫైరింగులో ఉన్నది నాలుగోది. అప్పుడు చుక్కలు కలిశాయి కదా అని ఒకటోదే ఫైరింగులో ఉందనుకుని డిస్ట్రిబ్యూటర్ పెడితే ఇంజను స్టార్టు కాదు.

ఆ తర్వాత వాల్వుల ట్యాపెట్లు సరిచేయడానికి తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. ఏ జతైనా కూడితే తొమ్మిదే. పుస్తకం ముట్టని కుర్రాళ్లు కూడా షెడ్డులో ఈ లెక్క నోటికి నేర్చుకున్నారు. నా దృష్టిలో ఇది గొప్ప చదువు.

చైను వేసేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చినా ఇంజను స్టార్టు కావచ్చు. చిక్కంతా అక్కడే. లాగుడు లేదని కార్బురేటర్ విప్పుతారు, పాయింట్లు మారుస్తారు, డబ్బు పోతుంది, జబ్బు పోదు. చేత్తో తిప్పి చూసే ఆ రెండు చుట్లకు పట్టేది కొన్ని నిమిషాలే.

మీ ఇంట్లో పాత అంబాసిడర్ ఉంటే చైను మార్చే రోజు మెకానిక్కును తొందరపెట్టకండి. కవరు వేయకముందే ఆ రెండు చుట్లూ తిప్పించి, దగ్గరుండి చూడండి. వీలైతే మీ పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి.