అపరాధ పరిశోధన కథ - రుజువు చూపే శిల్పం

అపరాధ పరిశోధన నవల పేరెత్తితే మన సాహిత్య సభల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. అద్దె పుస్తకాల షాపు సరుకని తీర్పు చెప్పేస్తారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను తెలుగు పాఠకులు ఎందుకు ఆదరించారో విచారించరు. ఈ చిన్నచూపు వల్ల నష్టం మనకేనని నా అభిప్రాయం. రచయితకు తోటి రచయితలు ఎందుకు అవసరమో ఈ ప్రక్రియ చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

దోషి ఎవరో రచయితకు ముందే తెలుసు. తెలియనివాడి కళ్లతో తన కథను తాను చదువుకోలేడు. ఆధారం మరీ బయటపడిందో, మరీ దాగిపోయిందో ఇతరులే చెప్పాలి. మా ఊరి రచయితల గోష్ఠిలో ఇలాంటి కథను చివరి అధ్యాయానికి ముందు ఆపేస్తాం. విన్నవాళ్లు దోషి పేరూ, అలా అనుకోవడానికి కారణమూ చీటీ మీద రాస్తారు. అందరూ ఒకే పేరు రాస్తే ముసుగు పల్చబడిందన్న మాట. ఎవరూ రాయకపోతే రచయిత పొంగిపోనక్కరలేదు. చాలాసార్లు అతను ఆధారమే ఇవ్వలేదని తేలుతుంది. పేరు కంటే కారణం దగ్గరే మా చర్చ ఎక్కువసేపు సాగుతుంది.

లండన్‌లో 1930లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్‌కు చెస్టర్టన్ తొలి అధ్యక్షుడు. డొరతీ సేయర్స్, అగాథా క్రిస్టీ సభ్యులు. దైవవాణినీ, కాకతాళీయాన్నీ ఆశ్రయించబోమనీ, ముఖ్యమైన ఆధారాన్ని పాఠకుడి నుంచి దాచబోమనీ కొత్త సభ్యులు ప్రమాణం చేసేవారు. 1931లో వాళ్లంతా కలిసి తలా ఒక అధ్యాయం చొప్పున 'ది ఫ్లోటింగ్ అడ్మిరల్' నవల రాశారు. ముందువాళ్లు వదిలిన చిక్కులన్నిటికీ తర్వాతివాళ్లు జవాబుదారీ వహించాలి. ఎవరి మనసులోని పరిష్కారాన్ని వారు రాసి ఇచ్చారు. అవి పుస్తకం చివర అచ్చయ్యాయి, ఒకదానితో ఒకటి పొసగవు. డిటెక్టివ్‌కు తెలిసింది పాఠకుడికీ తెలియాలన్న ఈ నియమంలో పాఠకుడి పట్ల గౌరవం ఉంది.

అయితే ఆ నవలల్లో చాలావరకు "ఎందుకు" అన్న ప్రశ్న వీలునామా దగ్గరే ఆగిపోతుంది. దోషి పట్టుబడగానే లోకం సవ్యంగా ఉన్నట్టే. ఈ హద్దును దాటినవాడు అమెరికా రచయిత డాషియల్ హామెట్. పింకర్టన్ సంస్థలో డిటెక్టివ్‌గా పనిచేసినవాడు. అతని 'రెడ్ హార్వెస్ట్' (1929)లో సమ్మెను విరగ్గొట్టడానికి గని యజమాని రప్పించిన గూండాలే చివరికి ఊరిని ఏలుతారు. అక్కడ హంతకుణ్ణి పట్టుకున్నంత మాత్రాన నేరం తీరిపోదు.

హామెట్ 1946 నుంచి న్యూయార్క్‌లోని జెఫర్సన్ స్కూల్ ఆఫ్ సోషల్ సైన్స్‌లో అపరాధ పరిశోధన రచన బోధించాడు. మార్క్సిస్టు అధ్యయనానికి వెలిసిన ఆ పాఠశాల 1956లో మూతపడింది. మధ్యలో, 1951లో, బెయిలు నిధికి చందాలిచ్చినవారి పేర్లు కోర్టులో చెప్పనందుకు అతను జైలుకు వెళ్లాడు. వామపక్ష పాఠశాలలో ఈ విద్యకు చోటు దొరికిందన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే మన కథల్లో ఒక లోపం బలంగా కనిపిస్తుంది. భూస్వామి తెరమీదికి రాగానే దోషి అయిపోతాడు. కౌలు పత్రం ఎలా మారింది, అప్పు ఎలా పెరిగింది, కరణం లెక్కలో ఏది తప్పు - ఇవేవీ పాఠకుడి ముందు పెట్టం. విచారణ లేకుండానే శిక్ష వేస్తాం. అప్పటికే మనతో ఏకీభవించినవాడు తల ఊపుతాడు. మిగతావాడు పుస్తకం మూసేస్తాడు. దృక్పథం సరైనదైనంత మాత్రాన రుజువు చూపే బాధ్యత తప్పదు.

మన శాఖలు ఏడాదికి ఒక గోష్ఠినైనా ఇలాంటి కథకు కేటాయించాలి. ఆ తర్వాత అదే చీటీ పద్ధతిని మన సాంఘిక కథలకూ వర్తింపజేయాలి: దోషి ఎవరు, నీకెలా తెలిసింది? రెండో ప్రశ్నకు కథలోంచి జవాబు దొరకని చోట రచయిత మళ్లీ కలం పట్టాలి.