హాస్కింగ్ చీకటి, పోర్టర్ ఆకులు

ఎరిక్ హాస్కింగ్‌ది ఇంగ్లండు, ఎలియట్ పోర్టర్‌ది అమెరికా. ఇద్దరూ పక్షుల మీద ఫ్లాష్ వెలుగు వేసిన ఫొటోగ్రాఫర్లే. ఆ వెలుగుతో సాధించినవి మాత్రం దాదాపు ఎదురెదురు ఫలితాలు.

హాస్కింగ్ 1948లో తీసిన బార్న్ ఔల్ (గుడ్లగూబ) చిత్రం లోకప్రసిద్ధం. ముక్కున ఎలుక, విప్పిన రెక్కలు, రాజముద్ర మీది బొమ్మలాంటి నిలుపు. వెనక అంతా చీకటే. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. రాత్రిపూట వెనకున్నదంతా నల్లబడటానికి కారణం అదే. అంచుల్లో ఏమీ లేదు కాబట్టి ఈ చిత్రాన్ని క్రాప్ చేయడం సులువు. రెక్కల కొసలకు కాస్త చోటు మిగిల్చితే చాలు, రూపం చెడదు.

వైద్యం చదివి, హార్వర్డ్‌లో పరిశోధన వదిలి కెమెరా పట్టినవాడు పోర్టర్. 1943లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన రంగుల పక్షి చిత్రాలను ప్రదర్శించింది. పెద్ద షీట్ ఫిల్ము, చిన్న అపర్చర్, ఒకటికి మించిన ఫ్లాష్ బల్బులు. చాలా చిత్రాల్లో పక్షితో పాటు గూడు, కొమ్మ, ఆకు ఈనెలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడ అంచు కోస్తే పోయేది ఖాళీ కాదు, ఆ పక్షి ఎక్కడ బతుకుతోందన్న సమాచారం.

పోర్టర్‌లోనూ లోటుంది. అన్ని వైపులా సమంగా పరిచిన వెలుగులో పొద్దు జాడ చెరిగిపోతుంది. అది ఉదయమో సాయంత్రమో చెప్పలేం. హాస్కింగ్ చిత్రంలో చోటు పోయింది, పోర్టర్ చిత్రాల్లో వేళ పోయింది. అయితే గుడ్లగూబ రాత్రి వేటగత్తె. దాని వెనక చీకటి సహజం. పట్టపగలు పురుగులు ఏరుకునే పిట్ట వెనక అదే చీకటి పెడితే అబద్ధమవుతుంది.

ఇద్దరికీ ఉమ్మడి గుణం ఒకటుంది: ఫ్రేము ముందే సిద్ధం. పక్షి తిరిగొచ్చే గూడో కొమ్మో చూసుకుని, కెమెరా, దీపాలు అమర్చి, కాచుకోవడం. పొడవాటి లెన్సుతో వెంటాడి, క్రాప్‌ను ఇంటికెళ్లాక కంప్యూటర్ మీద తేల్చుకునే నేటి అలవాటుకు ఇది పూర్తిగా వేరు.

ఒకే ఒక్క చిత్రం ఎంచుకోమంటే నా ఓటు హాస్కింగ్‌కే. పాఠంగా పనికొచ్చేది మాత్రం పోర్టర్ పద్ధతి. ఉదాహరణకు, నేలపట్టు పక్షుల అభయారణ్యంలో చెట్టు మీద గూడు కట్టిన గూడబాతును మెడ దాకా కోసేస్తే అది ఏ జూలోదైనా కావచ్చు. నీళ్లలో నిలిచిన ఆ చెట్టును ఫ్రేములో ఉంచితేనే అది నేలపట్టు పక్షి.