ఆధారముల పట్టిక: జొటెరో గుణదోషములు

శాస్త్రవ్యాసము చివర నుండు ఆధారముల పట్టికను చదువువారు తక్కువ. వ్యాసము ముగిసినది గదా యని చాలమంది అక్కడనే పత్రికను మూయుదురు. కాని శాస్త్రమునందు ఒక మాట నిలుచునా, నిలువదా యని తేల్చుకొనుటకు మార్గము ఆ పట్టికయే. "ఈ మాట నా ఊహ కాదు. ఫలానివారు ఫలాని సంవత్సరమున పరీక్షించి, ఫలాని పత్రికలో వ్రాసిరి. సందేహమున్నచో పోయి చూడుడు" అని రచయిత పాఠకునకు ఇచ్చు చిరునామా అది. ఇట్టి చిరునామాలను సేకరించి, దాచి, అడిగినప్పుడు తీసి యిచ్చు కంప్యూటరు సాధనములు నేడు అనేకములున్నవి. వాని గుణములేవి? దోషములేవి? ఉన్నత పాఠశాలలకు అవి ఎంతవరకు ఉపయోగపడును? ఎక్కువ ప్రచారములో నున్న 'జొటెరో' అను సాధనమును తీసికొని ఈ విషయమును విచారింతము.

మొదట ఆధారమనగా నేమో ఒక ఉదాహరణముతో చూతము. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో పరిశోధనలు చేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, ఫాస్ఫరసు ఎంత యున్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని రూపొందించిరి. ఆ పద్ధతిని వాడినవారు దానిని ఇట్లు పేర్కొందురు: ఫిస్కె, సుబ్బారావు; ఫాస్ఫరసును రంగుతో కొలుచుట; జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ; సంపుటము 66; పుటలు 375–400; 1925. రచయితల పేర్లు, వ్యాసము పేరు, పత్రిక, సంపుటము, పుటలు, సంవత్సరము: ఇవి ఆరు అంశములు. వీనిలో ఒకటి తప్పినచో వెదకువానికి శ్రమ. రెండు మూడు తప్పినచో వ్యాసము దొరకుటయే దుర్లభము.

పది పదునైదు ఆధారములకు నోటుపుస్తకము చాలును. వందలైనప్పుడు చిక్కు వచ్చును. స్వీడను దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లినేయస్ తన జీవితపు చివరి భాగమున, 1760 దశకములో, ఒక్కొక్క విషయమును ఒక్కొక్క కాగితపు చీటీపై వ్రాసి, కావలసినప్పుడెల్ల వాని వరుస మార్చుకొను ఏర్పాటు చేసికొనెను. ఆ తరువాత చాలకాలము పండితులకు చీటీల పెట్టెయే శరణ్యమైనది. దీనికి తోడు మరియొక చాకిరి కలదు. ఒక పత్రిక సంవత్సరమును పేరు ప్రక్కనే వేయుమనును. మరియొకటి చివర వేయుమనును. ఇంకొకటి వ్యాసమధ్యమున పేర్లే వద్దు, అంకెలు చాలుననును. ఒక పత్రిక త్రిప్పిపంపిన వ్యాసమును మరియొక పత్రికకు పంపవలెనన్న, పట్టిక నంతయు తిరుగ వ్రాయవలసి వచ్చెడిది.

ఈ శ్రమను తగ్గించు కంప్యూటరు సాధనములు 1980 దశకమున వ్యాప్తిలోనికి వచ్చినవి. 1985లో వచ్చిన బిబ్‌టెక్ గణిత, భౌతిక శాస్త్రజ్ఞులలో ప్రచారము పొందినది. ఆ దశకము చివర ఎండ్‌నోట్ వచ్చినది. అది వెలపెట్టి కొనవలసినది. అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయమునకు చెందిన చరిత్ర పరిశోధన కేంద్రమొకటి 2006లో జొటెరోను విడుదల చేసినది. ఇది ఉచితము. దాని లోపలి నిర్మాణమును ఎవరైనను చూడవచ్చును, మార్చుకొనవచ్చును. దాని పేరు అల్బేనియా భాషలోని ఒక క్రియనుండి వచ్చినది. ఒక విద్యపై పట్టు సాధించుట యని దాని యర్థము. ఈ పేరు ఎంతవరకు సార్థకమో చివరకు తేలును.

ఇది పనిచేయు విధము ఇట్టిది. పత్రికల వెబ్ పుటలలో మన కంటికి కనబడు అక్షరములు గాక, కంప్యూటరు చదువుకొనుటకై వ్రాసిన చీటీలు కూడ దాగియుండును. 'ఇది రచయిత పేరు, ఇది సంపుటము' అని వానిలో వివరముండును. బ్రౌజరులో జొటెరో గుర్తును నొక్కినంతనే అది ఆ చీటీలను చదివి, ఆరు అంశములను ఆరు గళ్ళలో నింపుకొనును. పుట తెరువకయే, వ్యాసమునకు గల డి.ఓ.ఐ. అను స్థిరసంఖ్యను గాని, పుస్తకమునకు గల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను గాని ఇచ్చినచో, వివరములను తానే వెదకి తెచ్చుకొనును. పిమ్మట మనము వ్యాసము వ్రాయుచు, కావలసిన చోట ఆధారమును చూపినచో, అక్కడ గుర్తు వేసి, చివర పట్టికను కూర్చును.

దీని మొదటి గుణము ఆ కూర్పులోనే కలదు. గళ్ళలో నున్న సమాచారము వేరు, దానికి తొడుగు వేషము వేరు. ఒక్కొక్క పత్రిక కోరు వరుసను, విరామ చిహ్నములను నియమములుగా వ్రాసిన శైలులు వేలకొలది సిద్ధముగా నున్నవి. శైలి పేరు మార్చినచో పట్టిక అంతయు క్షణములో వేషము మార్చుకొనును. పూర్వము రెండు దినములు పట్టిన పని ఇది.

రెండవ గుణము ఇంకను విలువైనది. ప్రకటింపబడిన వ్యాసములలో కొన్ని తప్పులని గాని, మోసములని గాని తేలి, తరువాత ఉపసంహరింపబడును. పిల్లల కిచ్చు ఒక టీకాకును ఆటిజమునకును సంబంధమున్నదని సూచించుచు వేక్‌ఫీల్డ్ మొదలగువారు లాన్సెట్ పత్రికలో 1998లో వ్రాసిన వ్యాసము 2010లో ఉపసంహరింపబడినది. కాని పాత ప్రతిని దాచుకొన్నవానికి ఈ సంగతి ఎట్లు తెలియును? 2019నుండి జొటెరో, ఉపసంహరింపబడిన వ్యాసముల జాబితాతో మన సంగ్రహమును పోల్చి, అట్టిది కనబడినచో హెచ్చరిక చూపుచున్నది. ఏ చీటీల పెట్టెయు ఈ పని చేయజాలదు.

మూడవది స్వాతంత్ర్యము. మన సంగ్రహమును ఇతర సాధనములు చదువగల రూపమున ఎప్పుడైనను బయటికి తీసికొనవచ్చును. ఇది చిన్న విషయము కాదు. 2008లో వచ్చిన మెండలీ అను సాధనమును 2013లో ఎల్సెవియర్ అను పెద్ద ప్రకాశక సంస్థ కొన్నది. 2018లో ఆ సాధనము, వాడుకరి కంప్యూటరులోనే నున్న సంగ్రహపు ఫైలునకు రహస్యలిపి తొడిగినది. అది భద్రత కొరకని ఆ సంస్థ చెప్పినను, అంతవరకు ఆ ఫైలును నేరుగా చదివి సంగ్రహమును వేరొకచోటికి మార్చుకొనుచున్నవారికి ఆ దారి మూసుకొనిపోయినది. పది యేండ్ల చదువును దాచుకొను పెట్టెకు తాళపుచెవి ఎవరి చేతిలో నుండవలెనో పాఠకులే యోచింపవచ్చును.

ఇక దోషములు. జొటెరో పుటలోని చీటీలను నమ్మును. చీటీ తప్పైనచో గళ్ళలోనికి తప్పే వచ్చును. ఒకచోట పత్రిక పేరు లోపించును. ఒకచోట వెబ్‌సైటు పేరే రచయిత పేరుగా చేరును. తెచ్చుకొన్న ప్రతి ఆధారమును కంటితో సరిచూడక తప్పదు. జతచేసిన ఫైళ్ళను ఇంటర్నెట్టు ద్వారా దాచుటకు 300 మెగాబైట్ల వరకే ఉచితము. సొంత కంప్యూటరులో మాత్రము ఈ పరిమితి లేదు.

తెలుగువారికి వేరొక చిక్కు కలదు. పేరునకు ఇందు రెండు గళ్ళు: వంశనామమునకు ఒకటి, సొంత పేరునకు ఒకటి. పాశ్చాత్యుల పద్ధతిలో పేరులోని చివరి మాట వంశనామము. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. సుబ్బారావుగారి సొంత పేరే అమెరికాలో వంశనామపు స్థానమున కూర్చున్నది. యల్లాప్రగడ యను ఇంటిపేరు ఒక్క పొడి యక్షరముగా మిగిలినది. తెలుగు పుస్తకముల పట్టికలో ఒకే రచయిత ఒకచోట ఇంటిపేరుతోను, మరియొకచోట సొంత పేరుతోను చేరినచో, చూచువానికి ఇద్దరు మనుష్యులుగా తోచును. రెండు గళ్ళకు బదులు ఒకే గడిలో పేరును మనము వ్రాయు వరుసలోనే వ్రాసికొను వీలు జొటెరోలో కలదు. తెలుగు పుస్తకములకు అదియే మేలు. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యల పద్ధతి 1970లో అంతర్జాతీయ ప్రమాణమైనది. కాబట్టి అంతకు పూర్వపు తెలుగు పుస్తకములకు అట్టి సంఖ్య లేదు; వాని వివరములను చేతితో నింపుకొనవలసినదే.

ఇవన్నియు సరిదిద్దుకొనదగిన దోషములు. అసలైన చిక్కు వేరొకటి కలదు. దానిని తెలిసికొనుటకు 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సిమ్‌కిన్, రాయ్‌చౌధురీ అనువారు ప్రకటించిన పరిశోధనను చూడవలెను. కాస్టర్‌లిట్జ్, థౌలెస్ అను భౌతిక శాస్త్రజ్ఞులు 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసిరి. వీరికి 2016లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ వ్యాసమును ఆధారముగా చూపిన 4,300 సందర్భములను వారు పరిశీలించిరి. అందు 196 చోట్ల సంపుటమో, పుటయో, సంవత్సరమో తప్పుగా నున్నది. ఇది పెద్ద వింత కాదు. కాని ఆ 196 తప్పులలో వేర్వేరు తప్పులు 45 మాత్రమే! పుటసంఖ్యలోని ఒకే యొక తప్పు 78 చోట్ల అట్లే కనబడినది.

దీని యర్థమును ఉపాధ్యాయులకు వివరింప నక్కరలేదు. పరీక్షలో ఒక ప్రశ్నకు ఇద్దరు విద్యార్థులు సరియైన జవాబే వ్రాసినచో అనుమానము లేదు. ఇద్దరును ఒకే విధమైన వింత తప్పు వ్రాసినచో, ఒకడు రెండవవాని కాగితము చూచినాడని తెలియును. శాస్త్రజ్ఞులును అట్లే ఇతరుల పట్టికలనుండి ఆధారములను ఎత్తి వ్రాసికొనిరి. ఈ లెక్కనుబట్టి, మూలవ్యాసమును చదివి దానిని పేర్కొనువారు నూటికి సుమారు 20 మందియేనని ఆ పరిశోధకులు అంచనా వేసిరి. ఈ అంచనాను యథాతథముగా నమ్మనక్కరలేదు. మూలమును చదివియు, వ్రాతపని తగ్గుటకై పట్టికను మాత్రము ఎత్తి వ్రాసినవారుండవచ్చును. కాని ఒకరి తప్పు 78 చోట్ల తిరిగినదనుటలో సందేహము లేదు.

ఇప్పుడు జొటెరో వంటి సాధనములు వచ్చినవి. చేతివ్రాత తప్పులు తగ్గినవి. మంచిదే. కాని ఆ తప్పులే ఇంతకాలము చదువనివానిని పట్టియిచ్చిన సాక్షులు. నేడు చదివినవాని పట్టికయు, చదువనివాని పట్టికయు సమానముగా శుభ్రముగా నుండును. గుర్తు నొక్కుటకు ఒక క్షణము చాలును. వ్యాసము చదువుటకు ఒక పూట కావలెను. మొదటి పనిని యంత్రము ఇంత సులభము చేసినప్పుడు, రెండవది కూడ జరిగిపోయినదను భ్రమ కలుగును. ఇది సాధనము దోషమని అనలేము. అది కల్పించు ప్రలోభము అని యనవచ్చును.

లేని వ్యాసమును చేతితో గళ్ళలో నింపినను జొటెరో అభ్యంతరము చెప్పదు. ఎల్సెవియర్ సంస్థ రచయితలకు ఆధారములు వ్రాయు పద్ధతి చూపుటకై ఒక నమూనా ఆధారమును కల్పించి ఇచ్చినది. శాస్త్రవ్యాసము వ్రాయు కళను గూర్చిన ఆ వ్యాసము లోకమున లేదు. అయినను అది సుమారు 400 వ్యాసముల పట్టికలలో చేరినదని 2017లో యాన్-విల్ హార్జింగ్ అను ఆచార్యురాలు వెల్లడించెను. ఇక 2022 చివర వచ్చిన చాట్‌జీపీటీ మొదలగు సాధనములు లేని వ్యాసములకు నిజమువలె తోచు పేర్లను, పుటలను కల్పింపగలవు. 2023లో న్యూయార్కు న్యాయస్థానమొకటి, ఇట్లు పుట్టిన లేని తీర్పులను ఆధారములుగా చూపిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించెను.

ఉన్న వ్యాసమైనంత మాత్రమున కూడ చాలదు. పాలకూరలో ఇనుము మిక్కుటమను నమ్మకము, పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు దశాంశ బిందువును తప్పుగా పెట్టుటవలన పుట్టినదను కథ చాలమంది వినియుందురు. ఈ కథను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1981లో హాంబ్లిన్ అను వైద్యుడు వ్రాసెను. దానికి ఆధారమేదియు చూపలేదు. తరువాతివారు ఆయనను ఆధారముగా చూపిరి. వారిని ఇంకొకరు చూపిరి. 2010లో మైక్ సట్టన్ అను పరిశోధకుడు వెనుకకు పోయి వెదకగా, ఆ బిందువు కథకే మూలము దొరకలేదు! తప్పులను నమ్మవద్దని చెప్పుటకు వాడిన కథయే ఆధారము లేనిదైనది. హాంబ్లిన్ వ్యాసమును జొటెరో ఆరు గళ్ళలోను తప్పు లేకుండ నింపగలదు. ఆ వ్యాసములో ఆధారమున్నదా యని చూచుట మనుష్యుని పని.

కాబట్టి తీర్పు ఇది. పరిశోధనకు పోవు విద్యార్థి జొటెరోను నేర్చుకొనుట మేలు. ఉచితముగా లభించువానిలో దీనిని నిస్సంకోచముగా సూచింపవచ్చును. కాని దానిలో ఎక్కువమంది వాడని గడి యొకటి కలదు. అది నోటు వ్రాసికొను గడి. ప్రతి ఆధారమునకు క్రింద 'ఇందలి ఏ పుటలో ఏ మాట నాకు కావలసినది' అని సొంత మాటలలో రెండు పంక్తులు వ్రాసికొనవలెను. రెండు పంక్తులు వ్రాయలేనిచో ఆ ఆధారమును పట్టికలో చేర్పరాదు. ఈ నియమము పాటించినవానికే జొటెరో యను పేరు సార్థకము.

కంప్యూటరు లేని పాఠశాలలో కూడ ఈ నియమము చెల్లును. మన విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల చివర 'ఆధారము: ఇంటర్నెట్టు' అని వ్రాయుట పరిపాటియైనది. అది 'చిరునామా: భారతదేశము' అని ఉత్తరముపై వ్రాయుట వంటిది. పోస్టుకార్డంత అట్టముక్కపై ఒక ప్రక్క ఆరు అంశములు, రెండవ ప్రక్క ఆ రెండు పంక్తులు వ్రాయించినచో, వైజ్ఞానిక ప్రదర్శనకు పోవు ప్రతి బాలుడును, బాలికయు పరిశోధకుని మొదటి అలవాటును నేర్చుకొందురు. అభ్యాసమునకు పైన చెప్పిన ఫిస్కె, సుబ్బారావుల వ్యాసమునే తీసికొనవచ్చును. ఆ పత్రిక పాత సంపుటములు నేడు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించుచున్నవి. సంపుటము 66, పుట 375 తెరచి, మన వ్యాసములో నిచ్చిన ఆరు అంశములును సరిగా నున్నవో లేవో విద్యార్థులచేతనే సరిచూపింపుడు.