అమ్మమ్మ పడకలో తోడేలు

తియ్యగా మాట్లాడి గొంతు కోసేవాణ్ణి మనం మేకవన్నె పులి అంటాం, కాస్త చదువుకున్నవాళ్ళమైతే గోముఖ వ్యాఘ్రం అంటాం. తోడేలు అని మాత్రం అనం. మన మెట్ట ఊళ్ళల్లో మేకలు కాసుకునేవాళ్ళకి తోడేలు ఒక దొంగ, అంతే. చీకట్లో వస్తుంది, పిల్లను నోట కరుచుకుపోతుంది. అది ఆడపిల్లను దారిలో ఆపి కబుర్లు చెబుతుందనీ, ముసలమ్మ దుప్పటి కప్పుకుని మంచమెక్కుతుందనీ మనకి నేర్పింది ఇంగ్లీషు వాచకాలు, రంగురంగుల బొమ్మల పుస్తకాలు. ఇప్పుడు ఎర్రటోపీ పిల్ల కథ తెలియని ఇల్లు అరుదు. అన్నం ముద్దలు పెడుతూ చెబుతాం, నిద్రపుచ్చుతూ చెబుతాం. చివర్లో అందరం అనే మాటా ఒక్కటే: “చూశావా, అమ్మ మాట వినకపోతే ఏమైందో!”

ఈ నీతి ఈ కథలోకి ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో కాస్త చూద్దాం.

ఈ కథని మొదట అచ్చులోకి తెచ్చినవాడు షార్ల్ పెర్రో అనే ఫ్రెంచి పెద్దమనిషి, 1697లో. ఫ్రెంచి అకాడమీ సభ్యుడు, రాజుగారి కొలువులో పనిచేసినవాడు. ఆయన కథలో తల్లి ఏ హెచ్చరికా చెయ్యదు. రొట్టె, చిన్న వెన్నకుండ చేతికిచ్చి అమ్మమ్మని చూసి రమ్మంటుంది. తోడేలుతో నిలబడి మాట్లాడకూడదని పాపం ఆ పిల్లకి తెలీదు. ఎక్కడికి వెళ్తోందో చెప్పేస్తుంది. తోడేలు దగ్గరదారిన పోయి ముసలావిణ్ణి మింగి ఆ పడకలోనే పడుకుంటుంది. పిల్ల వచ్చాక, పక్కన పడుకోమంటుంది. పిల్ల బట్టలు విప్పి పడుకుంటుంది. చేతులేమిటి, చెవులేమిటి, పళ్ళేమిటి అన్న ప్రశ్నలు అయ్యాక తోడేలు దాన్ని తినేస్తుంది. అంతటితో కథ సరి. రక్షించేవాడెవడూ రాడు.

కథ కింద పెర్రో ఒక నీతి పద్యం తగిలించాడు. దాని సారం ఇది: తోడేళ్ళన్నీ ఒక్క తీరువి కావు. అరవకుండా, కోపం చూపకుండా, ఎంతో మెత్తగా మర్యాదగా అమ్మాయిల వెంట ఇళ్ళ దాకా వచ్చేవి కొన్ని ఉంటాయి. అన్నిటికన్నా అవే ప్రమాదం. అంటే ఈ పెద్దమనిషి అడవి సంగతి చెప్పడం లేదన్నమాట. తనతో విందుల్లో కూర్చునే మగవాళ్ళ సంగతి చెబుతున్నాడు. ఆ మాత్రం నిజం ఒప్పుకున్నందుకు ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే బుద్ధి చెప్పింది ఎవరికి? విన్న పిల్లకి. మాయమాటలు చెప్పినవాణ్ణి పల్లెత్తు మాట అనలేదు.

1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు ఇదే కథని తమ సంపుటంలో వేశారు. దారి విడిచి పోవద్దని తల్లి చెప్పడం ఇందులో కనిపిస్తుంది. పిల్ల పువ్వుల కోసం దారి విడుస్తుంది. చివర్లో వేటగాడు వచ్చి కత్తెరతో తోడేలు పొట్ట కోసి ఇద్దర్నీ బయటికి తీస్తాడు. ఇంకెప్పుడూ అమ్మ మాట జవదాటనని పిల్ల అనుకుంటుంది. పెర్రో నీతి పద్యం ఎగిరిపోయింది. దాంతోపాటు మెత్తటి మాటల మగవాడూ కథలోంచి చల్లగా జారుకున్నాడు. మిగిలింది ఒక అడవి జంతువు, మాట వినని ఆడపిల్ల, ఆదుకునే మగవాడు. మనం పిల్లలకి చెప్పేది ఈ కథే.

ఇక్కడ ఒక విశేషం ఉంది. గ్రిమ్ సోదరుల కథ వేటగాడితో అయిపోదు. దాని వెనకే ఇంకో చిన్న కథ ఉంది. మరోసారి ఇంకో తోడేలు ఎదురవుతుంది. ఈసారి పిల్ల ఆగదు, నేరుగా అమ్మమ్మ ఇంటికి పోయి సంగతి చెబుతుంది. ఇద్దరూ తలుపు గడియ వేసుకుంటారు. తోడేలు ఇంటి కప్పెక్కి కాచుకుంటుంది. ముందురోజు మాంసం ఉడికించిన నీళ్ళు మోసుకొచ్చి వాకిట్లో రాతితొట్టి నింపమంటుంది అమ్మమ్మ. ఆ వాసనకి మెడ చాచి చాచి తోడేలు జారి తొట్లో పడి చస్తుంది. వేటగాడి అవసరమే రాలేదు. వంటింటి నీళ్ళు, ముసలమ్మ తెలివి, చిన్నదాని చేతులు చాలాయి. గ్రిమ్ సోదరులకి ఈ రెండు భాగాలూ చెప్పింది హాసెన్‌ఫ్లుగ్ కుటుంబపు అక్కచెల్లెళ్ళు. బొమ్మల పుస్తకాలు వేసేవాళ్ళు ఈ రెండో భాగాన్ని సాధారణంగా కత్తిరించేస్తారు. ఎందుకో మీరే ఆలోచించండి.

ఫ్రాన్సు పల్లెల్లో 19వ శతాబ్దం చివర సేకరించిన పాఠం ఒకటుంది. అందులో ఎర్రటోపీ లేదు, వేటగాడూ లేడు. పడకలో ఉన్నది అమ్మమ్మ కాదని పిల్ల కనిపెట్టి, పెరట్లోకి వెళ్ళాలంటుంది. కాలికి తాడు కట్టి పంపిస్తుంది ఆ మాయతోడేలు. పిల్ల ఆ తాడు విప్పి ప్లమ్ చెట్టుకి కట్టేసి ఇంటికి పరుగెడుతుంది. చూడండి, ఎంత సుళువైన ఎత్తు! పెద్దింటి గోష్ఠుల్లోకి వెళ్ళేసరికి ఆ పిల్ల తాడూ పోయింది, తెలివీ పోయింది.

1979లో ఇంగ్లండు రచయిత్రి ఏంజెలా కార్టర్ ఈ కథని తిరగరాసింది. ఆవిడ నాయిక తోడేలుని చూసి భయపడదు, నవ్వుతుంది. చివరికి దాని పంజాల మధ్యే హాయిగా నిద్రపోతుంది. ఆ ధైర్యం నాకు నచ్చింది, ఆ వాక్యాల అందం మరీ నచ్చింది. కానీ ముగింపు దగ్గర నాకు పేచీ. క్రూరుడైన మగవాణ్ణి ఆడదాని ప్రేమ మెత్తబరుస్తుందని మన సీరియల్ నవలలు ఎన్నేళ్ళుగా చెప్పడం లేదు? మొదటి వారం చెంపదెబ్బ కొట్టిన హీరో ముప్ఫయ్యో వారానికి దేవుడవుతాడు. నాకు ఆ పంజాల మధ్య నిద్ర కన్నా చెట్టుకి కట్టిన తాడే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది.

ఇంతకీ అసలు తోడేలు మాటేమిటి? గుంపుకి ఒక మొనగాడుంటాడనీ, కొట్లాడి అందర్నీ అణిచేస్తాడనీ, వాడే ‘ఆల్ఫా’ అనీ చాలాకాలం చెప్పారు. డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1970లో రాసిన పుస్తకం వల్ల ఆ మాట లోకమంతా పాకింది. ఆయనే 1999లో ఆ మాట సరికాదని రాశాడు. ఒకదానికొకటి తెలియని తోడేళ్ళని ఒక చోట బంధిస్తే కనిపించిన తగవులాట అది. అడవిలో గుంపంటే మామూలుగా ఒక సంసారం. అమ్మ, నాన్న, వాటి పిల్లలు. కొత్త కూనలు పుడితే నిరుటి అక్కలూ అన్నలూ తిండి మోసుకొచ్చి పెడతాయి. మన కుర్రాళ్ళు మాత్రం ఇంకా ‘ఆల్ఫా’ అని ఛాతీలు విరుచుకుంటూనే ఉన్నారు!

మన పాతవాళ్ళు ఈ తల్లిని చూసినట్టే ఉంది. ఋగ్వేదంలో ఋజ్రాశ్వుడనేవాడు ఆడతోడేలుకి నూరు గొర్రెలు ఇచ్చేస్తే, తండ్రి కోపించి అతని కళ్ళు తీసేస్తాడు. అతని కోసం అశ్వినీ దేవతలని మొరపెట్టుకున్నది ఆ ఆడతోడేలే. వాళ్ళు చూపు తిరిగి ఇస్తారు. కన్న తండ్రి తీసిన చూపుని అడవి తల్లి అడిగి ఇప్పించిందన్నమాట. ఇంత గొప్ప కథ ఉండగా మన పిల్లలకి ఎర్రటోపీ ఒక్కటే దొరికింది.

అలాగని తోడేలుని దేవతని చెయ్యమని నేననను. 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో తోడేళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకుపోయాయి. 2024లో బహ్రాయిచ్‌లో మళ్ళీ అదే జరిగింది. ఆ తల్లుల కడుపుకోత కట్టుకథ కాదు. 1996లో మాత్రం ఇది తోడేలు పని కాదు, తోడేలు రూపమెత్తిన మనిషి పని అని పుకారు పుట్టింది. కొత్త మొహాలని అనుమానించారు. అసలు తోడేలు వచ్చినప్పుడు మనిషి అన్నారు. కథలో మనిషి వచ్చినప్పుడు తోడేలు అన్నారు. రెండుచోట్లా నష్టపోయింది పిల్లలే. నిజమైన తోడేలుకి మందు గట్టి తలుపు, వాకిట్లో దీపం. తలుపు లేని పేదింటికి ముందు తలుపు పెట్టించాలి. రెండో రకం తోడేలు తలుపు తట్టి, చెప్పులు విడిచి, మనం ఇచ్చిన కాఫీ తాగుతుంది. దానికి తోక ఉండదు. ఒక్కోసారి ఇంటిపేరు కూడా మనదే.

అంచేత ఈ కథ చెప్పడం మానెయ్యమనను. మంచి కథ, పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. కానీ చివర్లో “అమ్మ మాట వినకపోతే” అనే ముక్క కొట్టేసి, తాడు సంగతీ తొట్టి సంగతీ కలపండి. ఎవరైనా దగ్గరకు లాక్కుంటే, ఎంత తెలిసినవాడైనా సరే, ఏదో వంక పెట్టి బయటపడి పరుగెత్తుకు రమ్మని చెప్పండి. వచ్చి చెప్పినప్పుడు, నువ్వెందుకు ఆగావు, ఎందుకు మాట్లాడావు అని మాత్రం అడగకండి. పెర్రో అడిగింది చాలు.